‘బువ్వ దే’ అన్నాడని నవ్వకండి

పర్లాకిమిడి (ఒడిశా)

పిల్లలకు తాత ఆశీస్సులు.

మీలో చాలామంది ఇళ్ళలో ఏడాదిన్నర, రెండేళ్ళ తమ్ముడో చెల్లో ఉండే ఉంటారు. వాడు కుర్చీని ‘కుచ్చీ’ అంటే పకపకా నవ్వుతారు, చుట్టాలొస్తే మళ్ళీ అనిపిస్తారు. నవ్వండి గాని, ఆ తప్పులో ఉన్న లెక్క తెలుసుకుని నవ్వండి.

పెదవులు కలిపి విప్పితే చాలు, ప, బ, మ పలుకుతాయి. ఎదుటివాళ్ళ నోట్లో అవి కంటికీ కనిపిస్తాయి. అందుకే అమ్మ, మామ, బువ్వ ముందొస్తాయి. నాలిక కొన పళ్ళ వెనక తగిలితే అత్త, తాత. ఏడెనిమిది నెలలకు ‘తతతత’ అనగానే నన్నే పిలిచాడని అత్తలూ తాతలూ మురిసిపోతారు. అది నోటి కసరత్తే. అత్తను చూసినప్పుడే ‘అత్త’ అంటే అప్పుడది మాట. చాలామందికి ఏడాది దగ్గర పడ్డాక వస్తుంది. ‘ర’కు నాలిక కొన అదరాలి, అది చేతకాక రొట్టె ‘లొట్టె’ అవుతుంది. చక్రం ‘చక్కం’, పుస్తకం ‘పుత్తకం’. గమనించారా, పలకలేని హల్లును వాడు ఊరికే వదిలెయ్యలేదు. దాని చోట పక్క హల్లునే రెట్టించాడు. బడిలో మీరు తిప్పలు పడి నేర్చుకునే ద్విత్వాక్షరం వాడికి పలక పట్టకముందే వచ్చేసింది.

‘నాన్న వచ్చింది’ అన్నా అంతే. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది. వాడి చెవిన రోజంతా పడేది అదే. నాన్నకొక్కడికే ‘వచ్చాడు’ ఎందుకో తట్టదు. ఒడియాలో ఈ గొడవే లేదు, ఆడయినా మగయినా ‘ఆసిలా’.

మన ఊళ్ళో ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో సవర అనే గిరిజన భాష కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ పంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాష గురించిన పుస్తకం అచ్చయింది. పెద్దయ్యాక నేర్చుకుంటే అంత శ్రమ. పసిచెవి సంగతి వేరు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు: ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరెనిమిది నెలల పిల్లలు హిందీ ‘ట’కూ ‘త’కూ తేడా పట్టేశారు, ఏడాది దగ్గరపడేసరికి పట్టలేకపోయారు. చెవిన పడని ధ్వనిని చెవి వదిలేస్తుంది. కాబట్టి వాణ్ణి పక్కింటి ఒడియావాళ్ళ అరుగు మీద ఆడుకోనివ్వండి.

‘బువ్వ దే’ అంటాడు, ‘బువ్వ’ మనది, ‘దే’ వాళ్ళది, ఒడియాలో ‘ఇవ్వు’ అని. తికమక కాదు, ఏది నోటికి ముందొస్తే అది. మనింట్లో జేజే అంటే దేవుడు, ఒడియా ఇంట్లో ‘జెజే’ అంటే తాత. వాళ్ళ తాతకు దండం పెట్టేస్తే పెట్టనివ్వండి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది వట్టి మాట. రెండూ కలిపి లెక్కపెట్టాలి: ముప్ఫై తెలుగు, ఇరవై ఒడియా అయితే యాభై.

వాడితో మాట్లాడేటప్పుడు నేల మీద కూర్చోండి, మీ నోరు వాడికి కనబడాలి. వాడు చూస్తున్నదాని పేరే చెప్పండి. ‘బంతి’ అంటే ‘అవును, ఎర్ర బంతి’ అని ఒక్క మాట కలపండి. ‘కుచ్చీ కాదురా’ అనొద్దు, ‘కుర్చీ ఎక్కుతావా?’ అంటే సరి. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టండి. అందరూ తప్పేది ఇక్కడే, రెండు అనకముందే జవాబు మనమే చెప్పేస్తాం. గ్లాసు వైపు వేలు చూపిస్తే ‘నీళ్ళా, పాలా?’ అనడగండి, అంతేగాని ‘చెప్తేనే ఇస్తా’ అని ఏడిపించకండి. ఫోను వాడి కోసం ఆగదు, వాడి వేలు ఎటుందో చూడదు. రెండేళ్ళ లోపు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

వస అరగదీసి నాలిక మీద రాస్తామని ఎవరైనా అంటే అమ్మకు చెప్పి ఆపించండి. దానితో మాటలు రావు, వాంతులు పట్టుకోవచ్చు.

ఏడాదికి పేరు పిలిచినా తిరక్కపోతే, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతే, ‘వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి’ అని ఊరుకోకూడదు. ముందు చెవులు చూపించాలి. జలుబు ముదిరి చెవి లోపల నీరు చేరినా మాటలు మసకగా వినిపిస్తాయి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావలసిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య అనే సర్కారు పథకం డాక్టర్లు ఉచితంగా చూస్తారు.

వాళ్ళు మొదట అడిగేది ఎన్ని మాటలొచ్చని. అందుకని ఒక నోటుపుస్తకంలో గీత గీసి ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా, వాడు పలికింది పలికినట్టే తేదీతో రాయండి. ‘బువ్వ దే’ ఎటు రాయాలో మీరే తేల్చుకోండి.

మీ తాత