ఇంటికొక పార్టీ, మనిషికొక ఓటు: పోలింగ్ డ్యూటీ టీచరు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను గుంటూరు జిల్లాలో గవర్నమెంటు టీచర్ని. ఎలక్షన్ వచ్చిందంటే మాకు ట్రైనింగులు, డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో మెటీరియల్ లెక్క చూసుకోవడాలు, తెల్లారకముందే మాక్ పోల్ (మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసుకునే ఉత్తుత్తి పోలింగ్) తప్పవు. పీవోగా, అంటే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చుంటే ఊరి రాజకీయం కంటే ఇళ్ళల్లో రాజకీయమే ఎక్కువ కనపడుద్ది. ఇంటిల్లిపాదీ ఒకేసారి క్యూలోకొస్తారు, ముందు పెద్దాయన, వెనక కొడుకులు కోడళ్ళు, ఆఖర్న కొత్తగా ఓటొచ్చిన పిల్ల, పెద్దాయన ఇంకు పెట్టించుకుంటూ కూడా వెనక్కి తిరిగి గుర్తుందిగా అన్నట్టు చూస్తాడు. ఆ చూపుకి భయపడేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నా.

అపోహ: ఎవరికేశామో ఇంట్లోవాళ్ళకి, బూత్‌లో కూర్చునే పార్టీల ఏజెంట్లకి తెలిసిపోతుంది.

తెలీదు. ఓటెయ్యడానికొచ్చినవాళ్ళని రాసుకునే 17ఏ రిజిస్టర్లో మీ సీరియల్ నంబరు, చూపించిన కార్డు వివరం, సంతకమో వేలిముద్రో ఉంటాయి, ఓటు ఎటెళ్ళిందో అందులో ఉండదు. మీరు బటన్ నొక్కాక వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద చూపించే మిషన్) అద్దం వెనక స్లిప్పు 7 సెకన్లు కనపడి డబ్బాలోకి పడిపోద్ది, అది మీకొక్కరికే, దానిమీద మీ పేరూ ఉండదు. బయటికి వినపడేది బీప్ ఒక్కటే, అది ఏ గుర్తుకైనా ఒకేలా మోగుద్ది. ఏజెంట్లయినా మేమైనా ఓటు రహస్యం బయటపెడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 128 సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. "ఫోటో తీసుకురా, చూస్తా" అనే మొగుళ్ళున్నారు, బూత్‌లోకి ఫోను తేవడమే కుదరదు, ఆ మాటే ఇంట్లో చెప్పండి, నేరం మా మీదికి నెట్టేయండి, ఫర్వాలేదు.

కానీ ఈ అపోహలో సగం నిజం ఉంది, అందుకే ఇది చావట్లేదు. మనిషి ఓటు తెలీదు కానీ బూత్ ఓటు తెలుస్తుంది. ఏ పోలింగ్ స్టేషన్లో ఎవరికెన్ని ఓట్లో ఫారం 20 అనే ఫలితాల పట్టికలో పెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. బ్యాలెట్ పేపర్ల కాలంలో చాలాచోట్ల వేరే వేరే బూత్‌ల పేపర్లు కలిపేసి లెక్కపెట్టేవాళ్ళు, ఈవీఎం వచ్చాక మిషన్ లెక్క మిషన్‌దే అయిపోయింది. కొన్ని మిషన్లని కలిపి లెక్కించే టోటలైజర్ పెడదామని ఎలక్షన్ కమిషన్ 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది, అమలుకి రాలేదు. దానివల్ల ఏమవుద్దంటే రిజల్ట్ వచ్చిన రాత్రి లీడరు "మీ బజారు బూత్‌లో మనకి తగ్గాయేంటి" అని ఇంటిపెద్దని అడుగుతాడు, ఆయన ఇంటికొచ్చి ఎవరు కాస్త నోరున్నోళ్ళో వాళ్ళమీద పడతాడు, చాలాసార్లు అది చిన్న కోడలే. ఆవిడ ఆయన చెప్పినట్టే వేసుండొచ్చు కూడా! ఆయన దగ్గర ఉన్నది అనుమానమే, రుజువు కాదు. ఎవరూ ఎప్పటికీ రుజువు తేలేరు.

అపోహ: డబ్బు తీసుకున్నాం, దేవుడి పటం మీద ఒట్టేశాం, మాట తప్పితే పిల్లలకి చెడు జరుగుద్ది.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. ఇంటికి ఎన్ని ఓట్లో లెక్కగట్టి కవర్లు ఇంటిపెద్ద చేతికిస్తారు, మిగతావాళ్ళ తరఫున ఒట్టు కూడా ఆయనే వేసేస్తాడు. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది: "ఫలానా వాళ్ళకి వెయ్యకపోతే దేవుడి ఆగ్రహం తగులుద్ది" అని ఓటర్ని నమ్మించడం కూడా నేరమే. పాత ఐపీసీ 171సీలో దైవాగ్రహం అనే మాట సూటిగా ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ ఉంచారు. అంటే చట్టం రాసినోళ్ళకి మన ఒట్ల సంగతి ఎప్పుడో తెలుసన్నమాట. చట్టం దృష్టిలో తప్పు ఒట్టేయించినోడిది, ఇంక మీరు భయపడేదేంటి?

అపోహ: అమ్మకి చదువు రాదు, లోపలికి తోడెళ్ళి నేనే నొక్కుతా.

ప్రతి ఎలక్షన్లో మాకు గొడవయ్యేది దీనిమీదే. చదువు రాకపోవడం కారణం కాదండీ, గుర్తులు పెట్టిందే అందుకు. చూపు లేకపోతేనో, ఒంట్లో శక్తి లేక గుర్తు పోల్చలేకపోతేనో, బటన్ నొక్కలేకపోతేనో మాత్రమే, అది కూడా పీవోకి సబబనిపిస్తేనే తోడు. తోడొచ్చేవాళ్ళకి 18 నిండాలి, ఓటు రహస్యంగా ఉంచుతానని, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్ళలేదని డిక్లరేషన్ ఇవ్వాలి. ఒక మనిషి రోజుకి ఒక్కరికే. నాన్నకీ అమ్మకీ నాయనమ్మకీ నేనే అంటే కుదరదు. బటన్లుండే బ్యాలెట్ యూనిట్ మీద బ్రెయిలీ అంకెలుంటాయి, చూపు లేనివాళ్ళు సొంతగా వేసుకుంటామంటే వేసుకోవచ్చు. ముసలమ్మని "మామ్మగారూ, మీరే వేస్తారా?" అని విడిగా అడిగితే చాలామంది "వేస్తానయ్యా" అనే అంటారు, పక్కన కొడుకు మొహం మాడిపోద్ది.

అపోహ: ఒక ఇంట్లో రెండు పార్టీలుంటే ఇల్లు నిలవదు.

పార్టీలు నడిపే ఇళ్ళల్లోనే ఈ రూల్ లేదు, మనకెందుకు? 2019లో పురంధేశ్వరి గారు విశాఖ ఎంపీకి బీజేపీ నుంచి నిలబడ్డారు, అదే ఎలక్షన్లో ఆవిడ భర్త దగ్గుబాటి వెంకటేశ్వరరావు గారు పర్చూరులో వైసీపీ నుంచి. 2024లో విజయవాడ ఎంపీ సీటుకి కేశినేని అన్నదమ్ములే ఎదురెదురు, వైసీపీ నుంచి అన్న నాని, టీడీపీ నుంచి తమ్ముడు చిన్ని, తమ్ముడు గెలిచాడు. కడపలో షర్మిల గారు కాంగ్రెస్ తరఫున దిగింది వరసకి తమ్ముడయ్యే అవినాష్ రెడ్డి మీద. వాళ్ళలో వాళ్ళకి ఎంత బాధుందో మనకనవసరం. కానీ ఆ నాయకుల కోసం మన బాబాయిలు పిన్నులు పండక్కి మాట్లాడుకోకుండా కూర్చోవడం నాకు మాత్రం మింగుడుపడదు.

అన్నట్టు ఇంకో చిన్నది, విప్ అనేది (సభలో ఎటు ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ఎమ్మెల్యేలకి ఎంపీలకి, వంటింటికి కాదు. 2024 మే 13న మన దగ్గర అసెంబ్లీ, పార్లమెంటు రెండూ ఒకేరోజు జరిగాయి, రెండూ ఒకే గుర్తుకి వెయ్యాలా అని అడిగినవాళ్ళు ఎంతమందో. అక్కర్లేదు, మిషన్లూ వేరే ఓట్లూ వేరే.

అపోహ: నాన్న పార్టీకి కాకుండా వేస్తే సొంతంగా ఆలోచించినట్టు.

ఇది కుర్రాళ్ళకి. నాన్న చెప్పింది మానేసి కులం వాట్సాప్ గ్రూపు చెప్పిందో, హీరో ఫ్యాన్స్ పేజీ చెప్పిందో వేస్తే పెత్తనం చేతులు మారిందంతే. బాగా ఆలోచించి నాన్న పార్టీకే వేసినా అది మీ ఓటే. మా స్కూలు నుంచి వెళ్ళిన పిల్లలు అడిగితే నేను పార్టీ పేరెత్తను, ఫారం 26 చదవమంటా. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్ అది, ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి, ఎలక్షన్ కమిషన్ సైట్లో దొరుకుద్ది. నాన్నతో వాదించాలనుకుంటే కూడా అది పట్టుకుని కూర్చోండి, ఆయన మెచ్చిన అభ్యర్థిదీ మీరు మెచ్చిన అభ్యర్థిదీ పక్కపక్కన పెట్టి చదవండి, అరుపులు కొంత తగ్గుతాయి, పూర్తిగా తగ్గవులెండి.

అపోహ: డల్లాస్ నుంచి అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి ఇంట్లో అందరూ అదే వెయ్యాలి.

టిక్కెట్లు, మందులు, ఇంటి ఖర్చు పంపేది ఆయన కాబట్టి అమ్మానాన్నా కాదనలేరు, ఊళ్ళో ఉండి రోడ్డు గుంటల్లో నడిచేది మాత్రం వీళ్ళు. ఆ అబ్బాయికీ ఒక దారుంది. వేరే దేశం సిటిజన్‌షిప్ తీసుకోకుండా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే ఫారం 6ఏ పెట్టుకుని ఓవర్సీస్ ఓటరుగా పేరెక్కించుకోవచ్చు. పాస్‌పోర్టులో ఉన్న అడ్రస్‌ని బట్టి ఊళ్ళోనే ఓటొస్తది, పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి. వస్తే మేమే ఇంకు పెడతాం, ఆయనకీ ఒక్క ఓటే.