భీమవరం మెయిల్ ఫోనులో ఎందుకు తెరుచుకోలేదు

భీమవరంలోని ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసులో ఈ వారం మళ్లీ అదే గొడవ. యూరప్ కొనుగోలుదారు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ ఉన్నవాళ్లే చదవగలిగేలా మార్చి పంపిన ఆర్డర్ మెయిల్ రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. అప్పటికే ఆఫీసుకు తాళం వేసేశారు. ఆ మెయిళ్లు చూసే కుర్రాడు ఆకివీడు దగ్గర చెరువు గట్టు మీద ఉన్నాడు. ఫోనులో తెరవబోతే ఎర్రర్ వచ్చింది. మర్నాడు పొద్దున ఆఫీసు కంప్యూటర్లో అదే మెయిల్ ఒక్క క్లిక్కుతో తెరుచుకుంది. "ఫోనులోకి ఎక్కించేటప్పుడు నువ్వే కీ పాడుచేశావు" అని మేనేజరు తేల్చేశారు. సంక్రాంతి ముందు కూడా ఇలాగే జరిగితే ఆ కుర్రాడి జీతంలో కొంత కోశారు. ఈసారి అతను ఊరుకోలేదు. విషయం నా దాకా వచ్చింది, దీని వెనక కథ రాసివ్వమన్నారు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక డెల్టా ఎగుమతిదారులు యూరప్ వైపు గట్టిగా చూస్తున్నారు. నేను చూసిన ఈ ఆఫీసుకైతే కొత్తగా వచ్చిన కొనుగోలుదారులు ధరలు, ల్యాబ్ రిపోర్టులు ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతామంటున్నారు. కాబట్టి ఈ గొడవ ఇక్కడితో ఆగేది కాదు.

1991లో ఫిల్ జిమ్మర్‌మన్ మెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే పీజీపీ ప్రోగ్రామ్ విడుదల చేయడం, అమెరికా ప్రభుత్వం ఆయన మీద విచారణ జరపడం చాలామంది రాసిందే. ఆ పద్ధతి ఓపెన్‌పీజీపీ అనే ప్రమాణంగా మారిందనీ, 2007లో వచ్చిన దాని నియమపత్రం ఆర్‌ఎఫ్‌సీ 4880 పదిహేనేళ్లకు పైగా అందరికీ ఆధారంగా ఉందనీ గుర్తుంచుకుంటే ఇక్కడికి సరిపోతుంది. నా లెక్కలో అసలు మలుపు 2021 ఏప్రిల్‌లో ఉంది.

అది చెప్పే ముందు పబ్లిక్ కీ అంటే ఏమిటో ఒక మాట. చాలామంది దాన్ని ఒక పెద్ద సంఖ్య అనుకుంటారు. సంఖ్య ఉంటుంది, దానితోపాటు యజమాని సంతకం చేసిన ఒక ప్రకటన కూడా ఉంటుంది: "నాకు ఫలానా పద్ధతుల్లో ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే చదువుకోగలను" అని. పంపేవాళ్ల ప్రోగ్రామ్ ఆ ప్రకటన చూసి పద్ధతి ఎంచుకుంటుంది. పాలకొల్లులో ఒక పెద్దావిడ ఉన్నారనుకోండి. ఇంట్లో హిందీ వచ్చిన కోడలు ఉంది కదా అని, "ఉత్తరాలు తెలుగులో రాసినా హిందీలో రాసినా పర్లేదు" అని బంధువులందరికీ చెప్పారు. తర్వాత ఆవిడ రెండో కొడుకు ఇంటికి మారారు, అక్కడ హిందీ ఎవరికీ రాదు. బంధువులకు ఆ సంగతి తెలియదు, హిందీలోనే రాస్తున్నారు. ఉత్తరం రాసినవాళ్ల తప్పూ లేదు, చేరవేసిన పోస్ట్‌మాన్ తప్పూ లేదు. కీని ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌లోకి మార్చినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. సంఖ్య కొత్త ఇంట్లో బాగానే పనిచేస్తుంది, పాత ఇంటిని చూసి రాసిన ప్రకటన మాత్రం అబద్ధమవుతుంది.

ఇప్పుడు మలుపు దగ్గరికి వద్దాం. 2018 మేలో ఈఫెయిల్ అనే దాడి బయటపడింది. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్‌ను దారిలో మార్చి, అందుకున్నవాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ చేతే లోపలి సంగతి బయటికి పంపించవచ్చని పరిశోధకులు చూపించారు. మెయిల్‌ను దారిలో ఎవరైనా తాకితే వెంటనే పట్టేసే కొత్త పద్ధతి అవసరమని ఆ దెబ్బతో అందరికీ అర్థమైంది. ఓసీబీ అనే అలాంటి పద్ధతి అప్పటికే కొత్త ప్రమాణం ముసాయిదాలో ఉంది. అయితే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్‌లో ఆ ముసాయిదా తయారుచేస్తున్న బృందాన్ని 2017లోనే పని సాగక మూసేశారు. ముసాయిదా గాల్లో ఉండిపోయింది.

ఓపెన్‌పీజీపీ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసే ఉచిత ప్రోగ్రామ్ గ్నూపీజీ మాత్రం ఆగలేదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 2.3, 2022 డిసెంబర్‌లో వచ్చిన 2.4 వెర్షన్లు కొత్తగా చేసే ప్రతి కీలోనూ "నేను ఓసీబీ చదవగలను" అనే ప్రకటన వాటంతట అవే చేర్చాయి. కీ చేసుకునేవాళ్లను అడగలేదు. అలాంటి కీకి ఇంకో కొత్త గ్నూపీజీ నుంచి మెయిల్ పంపితే, లోపలి సరుకు పాత 18వ రకం ప్యాకెట్‌లో కాకుండా 20వ రకం ప్యాకెట్‌లో వస్తుంది. ఆ 20వ నంబరు అప్పటికి ఆమోదం పొందిన ఏ ప్రమాణంలోనూ లేదు. ప్రమాణం కుదరకముందే ప్రకటన లోకమంతా తిరగడం మొదలైంది. భీమవరం తగాదా పుట్టింది ఇక్కడేనని నేను నమ్ముతున్నాను.

ఆ ఆఫీసులో 2023లో విండోస్ కంప్యూటర్ మీద జీపీజీ4విన్‌తో కీ చేశారు. దాని లోపల ఉండేది గ్నూపీజీయే. తర్వాత కుర్రాడు ఆ కీని ఫోనులో ఓపెన్‌కీచైన్ అనే యాప్‌లోకి ఎక్కించాడు. "ఎక్స్‌పోర్ట్ కొట్టానండి, ఫోనులో ఇంపోర్ట్ కొట్టానండి. మధ్యలో ఇంకేం ముట్టుకోలేదండి" అన్నాడు. అతని ముందే రెండు చోట్లా ఫింగర్‌ప్రింట్, అంటే కీ గుర్తింపు సంఖ్య, చూశాను. నలభై అక్షరాలూ ఒక్కటే. కీలోని పబ్లిక్ భాగం పాడైతే అలా కలవవు. ఇంకో సంగతి అతనే గమనించి చెప్పాడు: థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడే కొనుగోలుదారు పంపే మెయిళ్లు ఫోనులో చక్కగా తెరుచుకుంటున్నాయి. గ్నూపీజీ 2.4 వాడే కొనుగోలుదారు మెయిళ్లే తెరుచుకోవడం లేదు. తాళంచెవి విరిగిపోయి ఉంటే ఏ తలుపూ తెరుచుకోకూడదు కదా. ఫోనులోని ప్రోగ్రామ్‌కు 20వ రకం ప్యాకెట్ చదవడం రాదు. ఉన్నది అంతే. ఏ చదువూ లేకుండా ఈ తేడా పసిగట్టిన కుర్రాడి జీతం కోయడం నాకు చాలా బాధగా ఉంది.

ఇదే సమస్యను డెబియన్, ఆర్చ్ లాంటి లినక్స్ పంపిణీల వాళ్లు ముందే చూశారు. తమ దగ్గరి గ్నూపీజీకి ప్యాచ్ వేసి, కొత్త కీల్లో ఓసీబీ ప్రకటన రాకుండా చేశారు. వాళ్ల వాదన నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. పబ్లిక్ కీ అనేది పదిమందికీ పంచడానికి పుట్టింది. దాన్ని ఏ ప్రోగ్రామ్‌లోకి మారుస్తారో, ఎవరెవరి దగ్గర పాత కాపీలు మిగిలిపోతాయో చేసినవాడికి కూడా తెలియదు. అందువల్ల అందరూ చదవగలిగేదే అందులో రాయాలి. కొత్త పద్ధతి మంచిదైతే, అందరి ప్రోగ్రాముల్లో చదవడం వచ్చాక ప్రకటించవచ్చు. ముందు చదవడం నేర్పాలి, తర్వాత బోర్డు పెట్టాలి. దీనివల్ల ఒక చిత్రమైన పరిస్థితి వచ్చింది. వెర్షన్ నంబరు రెండు చోట్లా 2.4 అనే కనిపిస్తుంది, అయినా డెబియన్‌లో చేసిన కీ ఒక మాట చెబుతుంది, విండోస్‌లో చేసిన కీ ఇంకో మాట చెబుతుంది.

గ్నూపీజీని మొదటి నుంచీ నడిపిస్తున్న వెర్నర్ కోఖ్ వాదన వేరు. ఓసీబీ మేలైనది, వేగమైనది, ముసాయిదాలో ఏళ్ల తరబడి ఉన్నది, దాన్ని మార్చి కొత్త గందరగోళం తెచ్చింది అవతలివాళ్లే అంటారాయన. ఐఈటీఎఫ్ బృందం తిరిగి మొదలయ్యాక 20వ ప్యాకెట్‌ను పక్కనపెట్టి, 18వ ప్యాకెట్‌కే రెండో వెర్షన్ తయారుచేసిన మాట నిజం. ఆ బృందం కోఖ్ ముసాయిదాలోని అయిదో వెర్షన్ కీలను వదిలి ఆరో వెర్షన్‌కు వెళ్లింది. 2023 చివర్లో కోఖ్ లిబ్రెపీజీ పేరుతో విడిపోయారు. 2024 జూలైలో ఐఈటీఎఫ్ తన ప్రమాణాన్ని ఆర్‌ఎఫ్‌సీ 9580గా అచ్చువేసింది. అందులో 20వ నంబరు ఎవరూ వాడకుండా రిజర్వు చేసి ఉంది. గ్నూపీజీ ఆ ప్రమాణం పాటించనంది. దాంతో అయిదో వెర్షన్ కీ ఒకవైపు, ఆరో వెర్షన్ కీ ఇంకోవైపు. ఇవాళ మనవాళ్ల దగ్గర ఉన్నవి ఇంకా నాలుగో వెర్షన్ కీలే కాబట్టి ఆ చీలిక ఇక్కడ పూర్తిగా తగల్లేదు.

మరమ్మతు చేయొచ్చు. ఆఫీసు కంప్యూటర్లో గ్నూపీజీ కమాండ్‌లైన్ తెరిచి, ఎడిట్-కీలోకి వెళ్లి షోప్రెఫ్ అని కొడితే కీ ఏం ప్రకటిస్తోందో కనబడుతుంది. సెట్‌ప్రెఫ్‌తో ఓసీబీ లేకుండా జాబితా మళ్లీ రాసి, సేవ్ చేసి, పబ్లిక్ కీని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి అందరికీ పంపాలి. ఫింగర్‌ప్రింట్ మారదు. పాత కాపీ ఉన్నవాళ్లు కొత్తది ఇంపోర్ట్ చేసుకునేదాకా వాళ్ల మెయిళ్లు ఓసీబీ పద్ధతిలోనే వస్తుంటాయి.

ఈ చివరి మెట్టు దగ్గరే సంక్రాంతప్పుడు పని చెడింది. అప్పుడు ఎవరో ప్రకటన సరిచేసి, కీని, ఇతరులు దించుకునేలా పబ్లిక్ కీలు ఉంచే కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఆర్గ్ సర్వర్లో పెట్టారు. 2019 జూన్ వరకూ అయితే అప్పటి సర్వర్లలో అలా పెడితే చాలేది. ఆ నెలలో పాత సర్వర్ల మీద దాడి జరిగింది. రాబర్ట్ హాన్సెన్, డేనియల్ కాన్ గిల్మోర్ అనే ఇద్దరి కీలకు ఎవరో వేలకొద్దీ దొంగ సంతకాలు తగిలించారు. అలాంటి కీని దించుకుంటే గ్నూపీజీ మొరాయించేది. ఒకసారి చేరినదాన్ని ఆ పాత సర్వర్లలోంచి తీసే వీలు లేదు. అదే నెలలో మొదలైన ఈ కొత్త సర్వర్‌ను జాగ్రత్తగా కట్టారు: ఈమెయిల్ యజమాని నిర్ధారణ లింక్ నొక్కేదాకా కీలోంచి పేరు, ఈమెయిల్ తీసేసి సంఖ్యలు మాత్రమే ఇస్తుంది. గ్నూపీజీ చేసిన కీలో ఆ ప్రకటన ఉండేది పేరుకు అంటిపెట్టుకున్న సంతకంలోనే. పేరు పోతే ప్రకటనా పోతుంది. పైగా పేరు లేని కీని గ్నూపీజీ తీసుకోదు. ఆఫీసు మెయిల్‌కు వచ్చిన నిర్ధారణ లింక్ స్పామ్‌లోకి పోయింది, ఎవరూ నొక్కలేదు. సరిచేసిన ప్రకటన ఒక్క కొనుగోలుదారుకూ చేరలేదు.

గురువారం ఆ కుర్రాడే నా పక్కన కూర్చుని మొత్తం మళ్లీ చేశాడు. లింక్ నొక్కాడు, ముగ్గురు కొనుగోలుదారులకూ కొత్త కీని మెయిల్‌లో విడిగా పంపాడు. ఇద్దరు మార్చుకున్నారు. శుక్రవారం రాత్రి వాళ్లలో ఒకరి మెయిల్ చెరువు గట్టు మీదే ఫోనులో తెరిచాడు. మూడో ఆయన ఇంకా పాత కాపీకే పంపుతున్నాడు. ఆయన మెయిల్ వచ్చినప్పుడల్లా కుర్రాడు బండి వేసుకుని భీమవరం వచ్చి ఆఫీసు తాళం తీయించుకోవాలి. కోసిన జీతం సంగతి అడిగితే మేనేజరు నెలాఖరుకు చూద్దామన్నారు.