కంచె అడిగితే జైలు తాళం

ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలిసిన వకీలుగారి వరండాలో కూర్చున్నప్పుడు ఒక తండ్రి వచ్చాడు. కూతురు ప్లస్ టూ చదువుతోంది. ఒక కుర్రాడితో స్నేహం కుదిరింది. ఆ మధ్య అమ్మాయి చేతిమీద కమిలిన గుర్తులు కనిపించాయి. అడిగితే ఏడ్చిందే కానీ చెప్పలేదు. మొన్న ఇద్దరూ రైలెక్కి పాతపట్నం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చారు. ఒక్క స్టేషను దూరమే, కానీ రాష్ట్రం మారిపోయింది. "జైలు గొడవ వద్దండీ. మా పిల్ల దరిదాపులకు రావద్దని కోర్టు ఒక కాగితం ఇస్తే చాలు" అన్నాడాయన. వకీలుగారు తల అడ్డంగా ఊపారు.

ఆ కాగితం అమెరికాలో ఉంది. గృహహింస బాధితులకు సివిల్ కోర్టే రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చని పెన్సిల్వేనియా 1976లో చట్టం చేసింది. క్రమంగా రాష్ట్రాలు పెళ్లికాని ప్రేమజంటలనూ దాని కిందికి తెచ్చాయి. 2000లో అక్కడి కేంద్ర చట్టంలోకి 'డేటింగ్ హింస' అన్న మాట ఎక్కింది. మైనరు తరఫున సాధారణంగా తల్లిదండ్రులు దరఖాస్తు పెడతారు. కాలిఫోర్నియాలోనైతే పన్నెండేళ్లు నిండిన పిల్లలు తామే పెట్టుకోవచ్చు. ఫోను చేయకూడదు, బడి దగ్గరికి రాకూడదు, ఇన్ని గజాల అవతలే ఉండాలి అని ఉత్తర్వు చెబుతుంది. దాన్ని మీరితే నేరం. ముందు కంచె, ఆ తర్వాతే జైలు.

మన దగ్గర జైలుతోనే మొదలు. 1860 నాటి శిక్షాస్మృతి మైనరును సంరక్షకుల చెంతనుంచి 'తీసుకుపోయినా, మాయమాటలతో రప్పించినా' అపహరణ అంది. ఆడపిల్లకు వయసు పరిమితి 16 ఏళ్లు, మగపిల్లవాడికి 14. 1949లో వాటిని 18కి, 16కి పెంచారు. ఇక్కడ గాయపడింది పిల్ల కాదు, సంరక్షకుడి హక్కు. పిల్ల ఇష్టంతో ఆ సెక్షనుకు పని లేదు.

దానికి మొదటి పెద్ద గండి మద్రాసు నుంచి వచ్చింది. కాలేజీలో చదివే ఒక అమ్మాయి పక్కింటి యువకుడిని ప్రేమించిందని తెలిసి, తండ్రి ఆమెను బంధువుల ఇంట్లో దింపాడు. 1960 అక్టోబరు 1న ఆమె అక్కడినుంచి బయటికి వచ్చి, తానే అతనికి ఫోను చేసి, కారులో రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి పెళ్లి చేసుకుంది. పద్దెనిమిది నిండడానికి ఇంకా నెలన్నర తక్కువ. 1964లో వరదరాజన్ కేసుగా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: తీసుకుపోవడం వేరు, వచ్చిన మనిషిని వెంట రానివ్వడం వేరు. ఆ యువకుడు నిర్దోషి. లోకజ్ఞానం ఉన్న పిల్ల విషయంలో అన్న షరతు తీర్పులోనే ఉంది. ఫిర్యాదు రాసేవాళ్లకు మాత్రం తీర్పూ పట్టదు, షరతూ పట్టదు.

మరి దూరం పెట్టే దారులు? దగ్గరగా వచ్చేది బైండోవర్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 107 సెక్షను, ఇప్పటి కొత్త చట్టంలో 126. తహసీల్దారు కోర్టులో కుర్రాడి చేత శాంతిభంగం చేయనని బాండు రాయిస్తారు. ఏడాది దాటి చెల్లదు. కొట్లాటల కోసం పుట్టిన సెక్షను అది, ప్రేమ వ్యవహారానికి అతకదు. 2005 గృహహింస చట్టంలో అచ్చమైన రక్షణ ఉత్తర్వే ఉంది, కానీ ఒకే కప్పు కింద బతికిన సంబంధం చూపించాలి. 2013లో వచ్చిన వెంటాడే నేరం సెక్షను ఆడపిల్ల తనకు ఇష్టం లేదని చెప్పినా వదలని వాడికి. ఆమెకు ఇష్టమై, అయ్యకు కాకపోతే ఆ తలుపూ మూతే.

ఇక మిగిలింది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే చట్టం. లైంగిక సంబంధానికి సమ్మతి వయసు 1860లో పదేళ్లు, 1891లో పన్నెండు, 1925లో పద్నాలుగు, ఆ తర్వాత పదహారు. 2012 నవంబరు 14న ఈ చట్టం అమల్లోకి వచ్చాక పద్దెనిమిది. లైంగిక సంబంధం రుజువైతే ఇప్పుడు కనీస శిక్ష పదేళ్లు. పదిహేడేళ్ల పిల్ల సరేనన్నా చెల్లదు. తెలిసి చెప్పకపోతే అదీ నేరమే. ఆ వయసును తగ్గించవద్దని, 16 నుంచి 18 మధ్య ఇష్టపడి కలిసినవారి కేసుల్లో జడ్జీలకు కొంత వెసులుబాటు ఇవ్వాలని లా కమిషన్ 2023లో సూచించింది.

అసలు విచిత్రం ఇంకొకటి. మైనరు పిల్ల కోసం మన చట్టం ఇచ్చే నిషేధ ఉత్తర్వు ఒకటుంది, అది తరచుగా తల్లిదండ్రుల మీదే వస్తుంది. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలు కాబోతోందని తెలిసి దేశమంతటా హడావుడి పెళ్లిళ్లు జరిగాయి. బాల్యవివాహాన్ని ముందే ఆపే ఇంజంక్షన్ 1938 సవరణతో వచ్చింది. అయితే దాన్ని లెక్కచేయక తాళి కట్టేస్తే పెళ్లి నిలిచేది. 2006 చట్టం అక్కడ గట్టిపడింది: ఎవరు సమాచారమిచ్చినా మేజిస్ట్రేటు ఆపవచ్చు, ఆపినా జరిపిస్తే ఆ పెళ్లి చెల్లదు.

ఈ ముక్క ఆ తండ్రికి సూటిగా తగిలేదే. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్ల మీద పుకారు పుట్టిందంటే ముందు గుర్తొచ్చేది మేనమామ. ఒడియా పొరుగువాళ్లు మేనరికం మాటెత్తితే చెవులు మూసుకుంటారు, మనవాళ్లకు అది సిద్ధంగా ఉన్న మందు. కోర్టు కాగితం దొరకదన్నాక ఆయనా అదే అడిగాడు: "పోనీ, శ్రావణంలో మా బావమరిదికి ఇచ్చేస్తే?" "పిల్లకు ఇంకా ఏడు నెలలు తక్కువ. అప్పుడు ఇంజంక్షన్ మీ పేరు మీద వస్తుంది" అన్నారు వకీలుగారు. పిల్లను ముందు డాక్టరుకు చూపించమని, ఆ గుర్తుల సంగతి తల్లి చేత నెమ్మదిగా అడిగించమని కూడా చెప్పారు. నా లెక్కలో ఆ పూట అక్కడ దొరికిన సలహాల్లో పనికొచ్చేది అదొక్కటే.

ఈలోగా గుమాస్తా ఫిర్యాదు ఒడియాలో రాసేశాడు. తండ్రికి ఒడియా మాటలు వచ్చు, చదవడం రాదు. చదివి వినిపిస్తుంటే 'ఫుసులాయి' అన్నచోట ఆపాడు. మాయమాటలు చెప్పి తీసుకుపోయాడని దాని అర్థం.

"నేనలా చెప్పలేదే" అన్నాడు.

"అందరికీ అదే రాస్తామండీ" అని గుమాస్తా సంతకం కోసం కాగితం ముందుకు జరిపాడు.