బాగున్నవాళ్లకు పరీక్షలా?

ల్యాబ్ రిపోర్టు చేతికి రాగానే కళ్లు ముందు లావు అక్షరాల కోసం వెతుకుతాయి. ఇరవై వరుసల్లో పందొమ్మిది సవ్యంగా ఉన్నా, ఒక్క అంకె పక్కన బాణం గుర్తు కనిపిస్తే చాలు, ఆ రాత్రికి నిద్ర ఉండదు.

ఇంతకీ ఆ హద్దు ఎవరు గీశారు? చాలా రక్తపరీక్షల్లో 'నార్మల్' అనే హద్దుల్ని ఆరోగ్యవంతుల రక్తం నుంచే తీస్తారు. వాళ్ల ఫలితాలన్నీ వరుసగా పేర్చి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని ఉంచుకుని, అటూ ఇటూ రెండున్నర శాతం చొప్పున వదిలేస్తారు. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో అయిదుగురు లెక్క ప్రకారమే గీత బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇలాంటి పరీక్షలు 20 చేయిస్తే, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక్కటైనా తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. నిజానికి కొన్ని పరీక్షలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ అంకె కాస్త తగ్గుతుంది. అయినా ఎక్కువ పరీక్షలున్న ప్యాకేజీయే మంచిదనుకుంటాం. అన్నీ నార్మల్ అనిపించుకుని బయటపడటం అందులోనే కష్టం.

ఈ లెక్క డాక్టర్లకు తెలియదా అంటే, 1978లో అచ్చయిన ఒక చిన్న సర్వే గుర్తొస్తుంది. హార్వర్డ్ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో డాక్టర్లూ విద్యార్థులూ కలిపి 60 మందిని ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు. జబ్బు లేనివాళ్లలో అయిదు శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపించే పరీక్ష. ఏ లక్షణాలున్నాయో మనకేమీ తెలియని మనిషికి పాజిటివ్ వస్తే, అతనికి నిజంగా ఆ జబ్బు ఉండే అవకాశమెంత? దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు 2 శాతం. అది చెప్పగలిగినవాళ్లు 11 మంది.

వెయ్యిమందిని వరుసగా నిలబెట్టి చూస్తే తేలిపోతుంది. జబ్బు ఒక్కరికే. మిగిలిన 999 మందిలో అయిదు శాతం, అంటే సుమారు 50 మంది ఊరికే పాజిటివ్ అవుతారు. మొత్తం 51 మందిలో ఒక్కడే అసలు రోగి. అదే పరీక్షను లక్షణాలతో వచ్చిన వెయ్యిమందికి చేశామనుకోండి, వాళ్లలో సగం మందికి జబ్బు ఉందనుకోండి. అప్పుడు 500 మంది అసలు రోగులు, 25 మంది పొరపాటువాళ్లు. ఇప్పుడు పాజిటివ్ అన్న మాటను నమ్మవచ్చు. యంత్రం అదే, రసాయనం అదే. "ఎన్నాళ్ల నుంచి? రాత్రిపూట ఎక్కువా?" అని డాక్టరు అడిగే ప్రశ్నలే మనల్ని మొదటి వరుసలోంచి తీసి రెండో వరుసలో నిలబెడతాయి. అందుకే ఆ ప్రశ్నల్ని కూడా నేను పరీక్షలో భాగమే అంటాను.

పొరపాటు పాజిటివ్‌ను మరో పరీక్షతో సరిదిద్దుకోవచ్చు. అంతకంటే చిక్కు, నిజంగానే ఉండి మనిషిని ఎప్పటికీ ఏమీ చేయని జబ్బుతో. దక్షిణ కొరియా 1999లో జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో థైరాయిడ్ లేదు. కానీ ఎలాగూ వచ్చారు కదా, కొంచెం డబ్బు కడితే మెడకు కూడా స్కానింగ్ చేస్తామన్నారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేలమందికి పైగా బయటపడ్డారు. దానివల్ల చనిపోయేవారి రేటు మాత్రం కదల్లేదు. దొరికినవి ఎక్కువగా చిన్న గడ్డలు, వేరే కారణాలతో పోయినవాళ్ల శవపరీక్షల్లో కూడా కనిపించేలాంటివి. దాదాపు అందరికీ ఆపరేషన్ చేశారు. గ్రంథి మొత్తం పోయినవాళ్లకు జీవితాంతం మాత్రలు; కొందరికి గొంతు కూడా దెబ్బతింది. 2014లో కొందరు డాక్టర్లు బయటికొచ్చి ఈ స్కానింగ్ ఆపమని బహిరంగంగా కోరాక, ఏడాదిలో ఆపరేషన్లలో సుమారు మూడో వంతు తగ్గిపోయాయి.

"ముందే కనిపెట్టారు, అందుకే పదేళ్లు బతికాడు" అనే మాటలోనూ ఒక మాయ ఉంది. 70వ ఏట పోయే మనిషికి లక్షణాలు వచ్చి 67లో జబ్బు తెలిస్తే మూడేళ్లు బతికాడంటాం. స్కానింగ్‌లో 60కే తెలిస్తే పదేళ్లంటాం. పోయింది మాత్రం అదే 70లో. అతనికి పెరిగింది రోగిగా బతికిన కాలమే. అందుకే ఇలాంటి పరీక్షల విలువ తేల్చేటప్పుడు చూడాల్సింది మరణాల లెక్క. బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా మహిళలతో అండాశయ క్యాన్సర్‌పై జరిగిన అధ్యయనంలో కొన్ని ముందుగానే దొరికాయి. 2021లో తుది లెక్కలు చూస్తే మరణాలు తగ్గలేదు.

అలాగని పరీక్షలన్నీ దండగ అనను. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన పాప మడమ మీద చిన్నగా గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని వడపోత కాగితం మీద ఆరబెట్టి చేసే పరీక్షను తెచ్చాడు. అది ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బును పట్టుకోవడానికి. ఆ జబ్బు ఉన్న బిడ్డ పుట్టినప్పుడు ముద్దుగా, మామూలుగానే ఉంటుంది. లక్షణాలు కనిపించేసరికి మెదడు దెబ్బతిని ఉంటుంది. మొదటి వారాల్లోనే తెలిస్తే ప్రత్యేకమైన ఆహారంతో ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. రక్తపోటూ అంతే, ఏ చప్పుడూ చేయదు. పట్టీ చుట్టి చూస్తే దొరుకుతుంది, మందులతో లొంగుతుంది. గర్భాశయ ముఖద్వారంలో వచ్చే మార్పులు క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా వాటిని తీసేయవచ్చు. వీటన్నిట్లో ముందే తెలియడం వల్ల తర్వాతి కథ మారుతోంది. బాగున్నవాళ్లకు ఎలాంటి పరీక్షలు చేయవచ్చో చెబుతూ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిన పది సూత్రాల్లోనూ ఈ పట్టింపే ఎక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి రక్తం ఇచ్చే ముందు డాక్టరును ఒక్క మాట అడగొచ్చు: "ఇది పాజిటివ్ వస్తే ఏం చేస్తారండీ?" ఏ బాధా లేని ముసలాయన మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తే మామూలుగా ఏమీ చేయరు, చేయకూడదు కూడా, యాంటీబయాటిక్స్ వల్ల నష్టమే ఎక్కువ. అదే రిపోర్టు ఏ బాధా లేని గర్భిణిది అయితే మందు ఇస్తారు, వదిలేస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీలకు పాకే ప్రమాదం ఆమెకు ఎక్కువ కనుక. అందుకే గర్భిణికి ఆ పరీక్ష అడిగి మరీ చేస్తారు, ముసలాయనకు అసలు రాయరు.