రాగి గొలుసు, ఇత్తడి కంటె: అపోహలు – వాస్తవాలు

నగల పని నేర్చుకునేవాళ్లకు బంగారం చేతికొచ్చేలోపు దిక్కు రాగి, ఇత్తడే. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కడివాళ్లకు ఇత్తడి కొత్త కాదు. తెలిసిన లోహమే కాబట్టి అపోహలూ అంతే ధీమాగా చెబుతారు.

అపోహ: పాత కంచు గంట ముక్క కోసి సుత్తితో సాగదీస్తే లాకెట్ అయిపోతుంది.

సాగదు, పగులుతుంది. గంట కంచులో నూటికి 20 పాళ్లకు పైగా తగరం ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దెబ్బ పడితే పెంకులా విరుగుతుంది. లాకెట్‌కు ఇత్తడి రేకు తీసుకోండి, అదీ జింకు 30–35 శాతం ఉన్నది. 40 శాతం రకం వేడి మీద పనికి బాగుంటుంది గానీ చల్లగా వంచితే అంచులో చీలుతుంది.

అపోహ: కంటె (మెడకు పెట్టుకునే కడ్డీ నగ) వంచేటప్పుడు కడ్డీ విరిగిందంటే మాలు మంచిది కాదు.

మాలు మంచిదే, మధ్యలో కాల్చకపోవడమే తప్పు. కొట్టినా, వంచినా, కమ్మచ్చులో (తీగ సాగదీసే రంధ్రాల పలక) లాగినా రాగి బిరుసెక్కుతుంది. చెవి పెడితే తెలిసిపోతుంది: మొదట మొద్దుగా ఉన్న చప్పుడు కాసేపటికి ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. నీడ పట్టున టార్చి మంట పెట్టి, మసక ఎరుపు రాగానే నీళ్లలో వేయండి. నీళ్లలో ముంచితే గట్టిపడేది ఉక్కు. రాగి మెత్తగానే ఉంటుంది. ఇత్తడిని మాత్రం ఎరుపు పోయి నల్లబడ్డాకే ముంచండి, లేదంటే పగుళ్లు రావచ్చు.

ఇక్కడే ఒక మెలిక. కంటెకు ఆ బిరుసే బలం. కొక్కెం అతుకు ముందే ముగించి, చివరి సుత్తి దెబ్బలు ఆ తర్వాత వేయాలి. వరస తిరగబడితే మెడకు పెట్టుకున్న రోజే వంకరపోతుంది. ఇలా కొట్టి వదిలేసిన ఇత్తడిని అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కడగకండి. లోపల బిగువు మిగిలిన ఇత్తడి అమ్మోనియా సోకితే దానంతటదే చిట్లుతుంది. బ్రిటిష్ కాలంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల తొడుగులు పగిలింది ఇందుకే.

అపోహ: అతుకులో సందు ఉంటే టంకం (కరిగించి అతికే లోహం) కాస్త ఎక్కువ పెడితే పూడుతుంది.

గొలుసులు తెగేది ఎక్కువగా ఈ నమ్మకం దగ్గరే. టంకం సందును పూడ్చదు, సన్నటి సందులోకి పీల్చుకుపోతుంది. అతుకు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గీత కనిపించకూడదు. గొలుసు రింగులకు 18 గేజి తీగ (1.2 మి.మీ.) 5 మి.మీ. కడ్డీకి చుట్టి సన్న రంపంతో కోయండి. కటింగ్ ప్లయర్‌తో తెంపితే కొనలు ఉలి మొనలా అయి ఒకదానికొకటి ఆనవు. 18 అంగుళాల గొలుసుకు, కొక్కేనికి 2 సెం.మీ. వదిలేస్తే, సుమారు 88 రింగులు. ఒక్కోదానికి 19.5 మి.మీ. తీగ, తరుగుతో కలిపి 2 మీటర్లు కొంటే చాలు.

ముందు కొన్ని రింగులు విడిగా అతికి, రెండేసి మూసిన రింగులను ఒక తెరిచిన రింగుతో కలుపుతూ పోవాలి. వెలిగారం (బోరాక్స్) పూసి, 1 మి.మీ. కంటే చిన్న టంకం ముక్క పెట్టి, మంట టంకం మీద కాకుండా రింగు అవతలి వైపు తిప్పండి. టంకం ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడికి పరుగెడుతుంది. పక్క లింకులు అంటుకోకుండా వాటికి కావి మట్టి ముద్ద పూయండి. లాకెట్‌కు సన్న రింగు అతికేటప్పుడు ముందు లాకెట్‌నే కాల్చాలి, లేకపోతే రింగు కరిగిపోతుంది.

తక్కువ వేడికే కరుగుతుందని కాడ్మియం టంకం కొనకండి. ఆ పొగ ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

అపోహ: కాల్చాక పట్టిన నలుపు పోవాలంటే ఘాటు యాసిడే గతి.

వేడి నీళ్లలో పదో వంతు నిమ్మ ఉప్పు చాలు. తీసేటప్పుడు ఇనుప పట్టకారు ముంచారో, ఇత్తడి మీద గులాబి రంగు రాగి పొర కమ్మేస్తుంది. వెదురు పుల్లతో తీయండి.

అపోహ: మెడ పచ్చబడితే నాసి లోహం.

మేలైన రాగి అయినా చెమటకు పచ్చబడుతుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇంకా త్వరగా. సబ్బుతో కడిగితే పోతుంది. దురద వస్తే మాత్రం అనుమానం నికెల్ మీద పెట్టాలి. జర్మన్ సిల్వర్ పేరులోనే వెండి ఉంది, లోపల ఉన్నది రాగి, జింకు, నికెల్. కొక్కెం దానితో చేసిందైతే తీసేసి రాగిదో అసలు వెండిదో వేసి చూడండి.