గీతలు పడితే కాంపౌండ్‌ని కాదు, ప్యాడ్‌ని చూడండి: ఫోమ్ ప్యాడ్లపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్ పెయింట్ షెడ్డుల్లో అయినా, బందరు రోడ్డు మీది డిటైలింగ్ (కారుకి మెరుగులు దిద్దే) షాపుల్లో అయినా, పాలిష్ చేసిన నల్ల కారు ఎండలోకి రాగానే సాలెగూడు గీతలు తేలాయంటే మొదటి తిట్లు కాంపౌండ్‌కే (పెయింట్ పై పొరని కాస్త కోసి గీతలు తీసే ముద్ద) పడతాయి, తర్వాత పాలిష్ మిషన్‌కి. మిషన్‌కి బిగించే ఫోమ్ ప్యాడ్ మాట ఎవరూ ఎత్తరు. ఆ గీతల్లో చాలావాటికి మూలం మాత్రం మురికి నిండిపోయిన ఫోమే.

అపోహ: రంగు చూస్తే ప్యాడ్ ఎంత కోస్తుందో తెలిసిపోతుంది

రంగుకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక నియమం లేదు. రూపెస్ కంపెనీ ఫోమ్‌లో నీలం అన్నిటికన్నా ముతక, ఆకుపచ్చ మధ్యస్థం, పసుపు ఫైన్, తెలుపు అల్ట్రాఫైన్. త్రీఎం కంపెనీ పర్ఫెక్ట్-ఇట్ ప్యాడ్లలో ఆకుపచ్చ కాంపౌండ్‌కి, పసుపు పాలిష్‌కి, నీలం ఆఖరి ఫినిషింగ్‌కి. అంటే ఒకరి దగ్గర గట్టిగా కోసే నీలం, ఇంకొకరి దగ్గర మెరుపు తెచ్చే నీలం. రెండు బ్రాండ్లు కలిపి వాడే షెడ్డులో రంగును నమ్ముకుంటే బానెట్ మీద పొగ పట్టినట్టు మసక రావడం ఖాయం. కొత్త ప్యాడ్ రాగానే వెల్క్రో వైపు పర్మనెంట్ మార్కర్‌తో ‘కాంపౌండ్’, ‘పాలిష్’, ‘ఫినిష్’ అని రాసి పెట్టుకోండి.

అపోహ: కాంపౌండ్ ఎక్కువ వేస్తే కోత ఎక్కువ

తగ్గుతుంది. కాంపౌండ్ మరీ ఎక్కువైతే ప్యాడ్ దాని మీద జారుతుందే తప్ప పెయింట్‌ని పట్టుకోదు. మిగిలింది గోడలకీ, అద్దాల రబ్బర్లకీ చిమ్ముతుంది. ఇంకా మిగిలింది ఫోమ్ రంధ్రాల్లోకి దిగి గట్టిపడుతుంది.

పొడి ప్యాడ్‌కి మొదటిసారి మాత్రం కాస్త ఎక్కువే కావాలి. ముఖమంతా పలచగా రాసి, వేలితో రుద్ది పట్టించాలి. పట్టించకుండా మొదలుపెడితే కాంపౌండ్ లేని చోట పొడి ఫోమ్ పెయింట్‌ని రాస్తుంది. ఆ తర్వాత 5 అంగుళాల ప్యాడ్‌కి ఒక్కో భాగానికి శనగగింజంత బొట్లు 3 లేదా 4 చాలు. భాగం రెండడుగుల చదరం దాటకూడదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పని చేస్తుంటే అడుగున్నరకి తగ్గించండి, లేకపోతే చివరి పాస్ (ఆ భాగమంతా మిషన్ ఒకసారి తిప్పడం) కాకముందే కాంపౌండ్ ఎండి పొడి రాలుతుంది. ఎండలో నిలబడి వచ్చిన కారు రేకు చల్లబడేదాకా మిషన్ ముట్టుకోకండి.

అపోహ: గట్టిగా నొక్కితే లోతు గీత పోతుంది

డీఏ (డ్యూయల్ యాక్షన్, అంటే తిరుగుతూనే అటూ ఇటూ ఊగే) మిషన్‌లో ప్యాడ్ అంటుకునే బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపించాలి. తిరగకుండా వణుకుతూ ఒకేచోట ఉందంటే మీరు నొక్కేస్తున్నారు, లేదా ప్యాడ్ వంకరగా పట్టుకున్నారు. అప్పుడు కోత దాదాపు ఆగిపోతుంది, వేడి మాత్రం పెరుగుతుంది. మిషన్ బరువుకి చేతి బరువు కొద్దిగా తోడైతే సరిపోతుంది.

ఇంతా చేసి రంగు పైనున్న పారదర్శక పూత, క్లియర్ కోట్, సాధారణంగా 40-50 మైక్రాన్లే, అంటే ఎ4 కాగితం మందంలో సగం. గోరు తగిలితే ఆగే గీత అందులో సగానికి పైగా దిగి ఉండొచ్చు, దాన్ని పూర్తిగా తీసేయాలని చూడడం దండగ. డోరు అంచులు, బానెట్ మడతల దగ్గర పూత ఇంకా పలచన. ప్లాస్టిక్ బంపర్‌తో ఇంకో చిక్కుంది: రేకులా అది వేడిని పక్కకి లాగేయదు, ఉన్నచోటే దాచుకుంటుంది. అక్కడ స్పీడు తగ్గించి, ప్రతి రెండు పాస్‌లకీ అరచేతి వెనకవైపుతో తాకి చూడండి. చెయ్యి ఆనించలేకపోతే ఆపాల్సిందే. ‘ఫోమ్ మెత్తనిది, పెయింట్ కాల్చదు’ అన్న మాటకి ఇక్కడే కాలం చెల్లుతుంది.

అపోహ: ఒక కారుకి ఒక ప్యాడ్ చాలు

అసలు నష్టమంతా ఇక్కడే. పాలిష్ చేస్తుంటే ప్యాడ్‌లోకి రెండు రకాల చెత్త చేరుతుంది: వాడేసిన కాంపౌండ్, పెయింట్ నుంచి ఊడిన క్లియర్ కోట్ పొడి. రెండూ కలిసి ముద్దయి ఫోమ్ ముఖాన్ని పెచ్చులా కప్పేస్తాయి. అప్పుడు ఫోమ్ ఒత్తిడికి లొంగదు, కొత్త కాంపౌండ్‌కి చోటుండదు, వేడి బయటికి పోదు. మీరు చూసేది మాత్రం ‘ఈ కాంపౌండ్ కోయట్లేదు’ అన్నదే. ఇంకాస్త వేస్తారు, ఇంకాస్త నొక్కుతారు, అది ఇంకాస్త పాడవుతుంది.

ప్రతి భాగం అయ్యాక ప్యాడ్‌ని దులపాలి. మిషన్‌ని తక్కువ స్పీడులో తిప్పుతూ నైలాన్ బ్రష్‌ని ముఖానికి ఆనించండి, లేదా కంప్రెసర్ గాలిని నాలుగంగుళాల దూరం నుంచి ఏటవాలుగా మధ్య నుంచి అంచుకి కొట్టండి. దగ్గరగా, నిలువుగా కొడితే ఫోమ్ చిరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకడం ఊలు ప్యాడ్ల నాటి అలవాటు, ఫోమ్‌కి పనికిరాదు. దులిపినా సరే, ఒకటి రెండు ప్యానెళ్లకి ఒక ప్యాడ్ మార్చాలి. హ్యాచ్‌బ్యాక్‌కైనా కాంపౌండ్‌కి 4 నుంచి 6, ఫినిషింగ్‌కి 2 లేదా 3 దగ్గర పెట్టుకోండి. మార్చి మార్చి వాడితే వేడెక్కిన ప్యాడ్ చల్లారుతుంది, ఎక్కువ కాలం వస్తుంది కూడా. కస్టమర్‌కి చెప్పే రేటులో ప్యాడ్ల ఖర్చు కలపకపోవడం వల్లే చాలామంది దీనికి వెనకాడతారు.

అపోహ: పెట్రోలు, థిన్నర్‌తో కడిగితే ఒక్క నిమిషంలో శుభ్రం

ఒక్క నిమిషంలో పాడు. పెయింట్ షెడ్డులో థిన్నర్ చేతికందేచోటే ఉంటుంది కాబట్టి ఈ అలవాటు పోవట్లేదు. ఫోమ్ ఉబ్బుతుంది, వెల్క్రోని పట్టి ఉంచే జిగురు కరుగుతుంది. తర్వాత మిషన్ మీద ఫోమ్ ఒక పక్కకి, వెల్క్రో ఇంకో పక్కకి పోతాయి, తిరుగుతున్న ప్లేట్ పెయింట్‌కి తగులుతుంది.

కడగాల్సింది ఇలా. పని అయిన రోజే, కాంపౌండ్ ఎండకముందే. గోరువెచ్చని నీళ్లలో ఆల్ పర్పస్ క్లీనర్ 1:10 కలిపి 15-20 నిమిషాలు నాననివ్వండి. అది లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ సరిపోతుంది. రాత్రంతా నానబెట్టొద్దు, జిగురు వదులవుతుంది. మరిగే నీళ్లూ అంతే. బొటనవేళ్లతో మధ్య నుంచి అంచుకి నొక్కుతూ, మెత్తని బ్రష్‌తో రుద్దుతూ, పిండితే తేట నీళ్లు వచ్చేదాకా కడగాలి. రెండరచేతుల మధ్య అదమాలి, బట్టలా మెలిపెట్టి పిండకూడదు. బ్లీచింగూ, బట్టల కండిషనరూ వద్దు. కండిషనర్ ఫోమ్ మీద పూతలా మిగిలి కాంపౌండ్‌ని జారనిస్తుంది.

నీళ్ల సంగతి ఒకటుంది. ఉప్పగా ఉండే బోరు నీళ్లతోనే మొత్తం కడిగితే ఆరాక ఫోమ్ గరుకుగా తేలుతుంది. ఆఖరి జాడింపుకైనా కుళాయి నీళ్లు వాడండి. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు ఊరికే పోతున్నాయని వాడొద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

అపోహ: మేడ మీద ఎండలో పడేస్తే గంటలో ఆరుతుంది

ఆరుతుంది, పెళుసూ అవుతుంది. ఎండకి పాలియురేథేన్ ఫోమ్ పసుపెక్కి, పొడిపొడిగా రాలుతుంది. అదమగానే టవల్‌తో ఒత్తండి. ప్యాడ్‌ని మిషన్‌కి బిగించి, ఖాళీ బకెట్ లోపల పెట్టాకే స్విచ్ వేసి, అతి తక్కువ స్పీడులో 10-20 సెకన్లు తిప్పితే మిగతా నీరు విదిలిపోతుంది. తర్వాత తీగల స్టాండులో అంచు మీద నిలబెట్టి, ఫ్యాన్ కింద నీడపట్టున ఆరబెట్టాలి. వేసవిలో ఒక రోజు, ముసురు రోజుల్లో రెండు రోజులు. మధ్య రంధ్రంలో టిష్యూ పేపర్ అదిమి చూడండి, చెమ్మ తగిలితే ఇంకా ఆరలేదు. చెమ్మతో జిప్ కవర్లో పెడితే బూజు వాసన కొడుతుంది, మిషన్‌కి ఎక్కిస్తే కాంపౌండ్ పలచనై చిమ్ముతుంది.

అపోహ: బాగా కడిగిన కాంపౌండ్ ప్యాడ్‌తో ఫినిషింగ్ చేయొచ్చు

వద్దు. ఎంత కడిగినా లోపలి రంధ్రాల్లో ముతక రేణువు ఒకటి మిగలొచ్చు, ముదురు రంగు కారు మీద దాని జాడ ఎల్‌ఈడీ లైటు కింద చక్రాల్లా కనిపిస్తుంది. రెండు రకాలనీ వేరు డబ్బాల్లో పెట్టాలి. మూత కూడా పెట్టాలి, షెడ్డులో పుట్టీ రుద్దిన దుమ్ము అన్నిటి మీదా వాలుతుంది.

ఇక ఎప్పుడు పారేయాలి? వేలితో నొక్కి వదిలితే పైకి లేవకపోతే, మధ్యలో గుంట పడితే, వెల్క్రో అంచు గోరుతో లేస్తే, ఇక దానితో పెయింట్ ముట్టుకోకండి. నాలుగు ముక్కలు కోసి టైర్ డ్రెస్సింగ్ రాయడానికి వాడుకోవచ్చు.