చెత్తబుట్టకు వెళ్లే సామానుతో పండుగ గోడ: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో పాతబడిన సామానుతో పండుగలకు గోడ అలంకరణలు చేయడం, చేయాలనుకునేవాళ్లకు నేర్పించడం నా పని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి మాటగా "నా చేతిలో కళ లేదండీ" అంటారు. వాళ్లు సగంలో వదిలేసిన పనులు చూస్తే నాకు కళాలోపం కనిపించదు. అట్ట వంకరపోయి ఉంటుంది, జిగురు వదిలేసి ఉంటుంది, బరువంతా ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. అట్ట దేనికి వంగుతుందో, కాగితం ఎటు మడత పడుతుందో, ఏ ప్లాస్టిక్‌కు ఏ రంగు నిలుస్తుందో తెలిస్తే ఈ తిప్పలు ఉండవు. ఆ జ్ఞానానికి అడ్డుపడే నమ్మకాలు కొన్ని బాగా పాతుకుపోయాయి.

అపోహ: పాత సామానే కాబట్టి ఖర్చు ఉండదు.

సామాను ఊరికే వస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి కొనే రంగు డబ్బాలు, పూసలు, రిబ్బన్లు, మెరుపు కాగితాలు మాత్రం ఊరికే రావు. ఒక బొమ్మ చూసి నచ్చి, అచ్చం అలాగే చేయాలని బయలుదేరినప్పుడే ఈ కొనుగోళ్లు మొదలవుతాయి. నేను చెప్పే వరస దీనికి తిరగేసింది: ముందు ఇంట్లో పోగైనదంతా ఒకచోట పరచండి. ఏది ఎక్కువగా ఉందో చూడండి. సీసా మూతలు బోలెడు ఉంటే మూతలతో, టిష్యూ రోల్ గొట్టాలు ఉంటే గొట్టాలతో ఏమవుతుందో ఆలోచించండి. ఒకే రకం వస్తువు పదుల సంఖ్యలో పక్కపక్కన చేరితే దానికదే ఒక నమూనా అవుతుంది. కత్తెర, బ్లేడు, స్టీలు స్కేలు, తెల్ల జిగురు, సూదీ దారం, ఒక డబ్బా తెల్లరంగు ఉంటే చాలా పనులు నడిచిపోతాయి.

అపోహ: రంగు పూస్తే ఏదైనా కొత్తగా మారిపోతుంది.

ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్యాకింగ్ అట్టపెట్టెలో రెండు చదును కాగితాల మధ్య అలలు అలలుగా మరో కాగితం ఉంటుంది. ఒక ముఖానికి నీళ్లలో కలిసే రంగు పూయగానే ఆ వైపు కాగితం తడిసి సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. రెండో వైపు మాత్రం కదలదు. అందుకే తెల్లారేసరికి మీ నక్షత్రం పళ్లెంలా గుంటపడి ఉంటుంది. వెనక్కు వంచితే మధ్యలో మడత పడుతుంది తప్ప సరికాదు. విరుగుడు తేలిక: వెనకవైపు కూడా అదే రంగు, అంతే మందంగా పూయాలి. రెండు వైపులా ఒకేలా లాగితే అట్ట తిన్నగా నిలుస్తుంది. ఎవరూ చూడని వెనకవైపుకు రంగు దండగ అనుకోవద్దు, ముందువైపు నిలబడేది దానివల్లే.

పెద్ద ఆకారం చేయాలంటే రెండు అట్టలు అతికించండి. ఒకదాని గీతలు (లోపలి అలల వరుసలు) నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా ఉండాలి. అట్ట గీతల వెంట సులువుగా వంగుతుంది, గీతలకు అడ్డంగా మొరాయిస్తుంది. రెండింటినీ అడ్డదిడ్డంగా కలిపితే ఎటూ వంగదు. ప్లైవుడ్ పలకల్లో పొరలను పేర్చే సూత్రం కూడా ఇదే.

గుడ్ల అట్ట తీరు వేరు. అది కాగితపు గుజ్జుతో అచ్చుపోసింది, రంగును పీల్చేసుకుంటుంది. మొదట నీళ్లు కలిపిన తెల్ల జిగురు ఒక పూత వేసి ఆరనిస్తే, ఆ తర్వాత వేసే రంగు కొంచెంతోనే సరిపోతుంది. ప్లాస్టిక్ సీసాకు సరిగ్గా ఎదురు సమస్య: నునుపు వల్ల రంగు నిలవదు, ఆరాక గోరు తగిలితే పొరలుగా లేస్తుంది. సబ్బుతో కడిగి, మెత్తని సాండ్‌పేపర్‌తో పైపైన రుద్ది, అప్పుడు పూయండి. కూల్‌డ్రింక్ సీసా అడుగు భాగాన్ని కత్తిరిస్తే ఐదు రేకుల పూవు ఆకారం తయారుగా దొరుకుతుందని చాలామందికి తెలుసు. నా మటుకు దానికి రంగు అక్కర్లేదు, వెలుతురు పడేచోట పారదర్శకంగా ఉంటేనే బాగుంటుంది.

థర్మోకోల్ మీద స్ప్రే పెయింట్ కొట్టకండి. మామూలు స్ప్రే డబ్బాల్లోని ద్రావకాలు దాన్ని కరిగించి గుంటలు పెడతాయి. నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగుతో ఆ భయం లేదు.

అపోహ: ఎన్ని రంగులుంటే అంత పండుగ.

పాత సామాను ఎలాగూ పది రకాల ఆకారాలు, పది రకాల అచ్చులతో వస్తుంది. దానిమీద పది రంగులు కూడా చేరితే చూపు ఎక్కడా నిలవదు. రెండు రంగులు, వాటికి తోడు తెలుపో నలుపో తీసుకుని ఆగండి. మూత, గుండీ, విరిగిన చేతిగాజు, పాత తాళంచెవి పక్కపక్కన ఉన్నా ఒకే రంగు వేస్తే ఒక కుటుంబంలా కలిసిపోతాయి. ఇది ఖర్చు తగ్గించే సలహా అనుకుంటారు కానీ, ఇంటి నిండా కొత్త రంగులున్నా నేను ఇదే చెబుతాను.

అపోహ: గ్లూ గన్ ఉంటే అన్నీ అతుక్కుంటాయి.

గ్లూ గన్ వేగంగా పనిచేస్తుంది, అందుకే అందరికీ ఇష్టం. కానీ గాజు, నునుపు ప్లాస్టిక్, రేకు వంటివాటికి అది పైపైనే పట్టుకుంటుంది. ఎండ తగిలే గోడమీద మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది. ఎక్కువ వేడి రకం గన్ జిగురును సుమారు 190 డిగ్రీల సెల్సియస్ వరకూ తీసుకెళ్తుంది. థర్మోకోల్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి అక్కడ అది అతికించే బదులు కన్నం పెడుతుంది. పిల్లల చేతికి ఈ గన్ ఇవ్వకండి. కాగితానికి, అట్టకు, గుడ్డకు తెల్ల జిగురు పలుచగా రాసి, మీద పుస్తకాల బరువు పెట్టి, ఓపికగా ఆరనివ్వండి. రేకును, గాజును అసలు అతికించకుండా తీగతో కట్టండి.

పిండితో ఉడికించిన జిగురు చవకే, కాగితానికి మంచిదే. ఒకటే షరతు, తేమ గోడమీద వాడకండి. బూజు పడుతుంది, కాగితం పురుగులు చేరతాయి.

అపోహ: కాగితమంతా ఒకటే.

మిల్లులో తయారైన ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది, దాని నారలు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటాయి. పాత పత్రికను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఒక వైపు తిన్నగా చిరుగుతుంది, మరో వైపు వంకర్లు పోతుంది. తిన్నగా చిరిగేదే వాలు. మడతలు దాని వెంట వేస్తే పదునుగా నిలుస్తాయి.

విసనకర్ర మడతలతో చేసే గుండ్రటి పూలు చాలామందికి నడుమ చిరిగిపోతాయి. కారణం పట్టీ పొడవు చాలకపోవడం. గుండ్రంగా తిప్పినప్పుడు బయటి అంచు పొడవు పట్టీ వెడల్పుకు ఆరు రెట్లు దాటుతుంది, మడతలకు అదనంగా కావాలి. పది సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీకి పొడవు కనీసం 80, వీలైతే 100 సెంటీమీటర్లు ఉండేలా ముక్కలు అతికించుకోండి. అప్పుడు పూవు బలవంతం లేకుండా చదునుగా కూర్చుంటుంది.

వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ (కలపలో సహజంగా ఉండే పదార్థం) ఎక్కువ. వెలుతురు, గాలి తగిలితే పసుపెక్కుతుంది. ఒక పండుగకు ఇబ్బంది లేదు. ఏడాదంతా ఉంచాలనుకుంటే పాత నోటుపుస్తకాల కాగితం వాడండి.

అపోహ: మెరుపు కావాలంటే మెరుపు పొడి చల్లాల్సిందే.

ఆ పొడిలో ఎక్కువ భాగం సన్నటి ప్లాస్టిక్. ఒకసారి చల్లితే ఇంట్లోంచి పూర్తిగా పోదు, కాలువల్లోకి చేరితే తిరిగి పట్టుకోలేం. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపు పొడిపై ఆంక్షలు పెట్టింది కూడా. దానికంటే మంచి మెరుపు మీ అలమారలోనే ఉంది. పాత సీడీ అడుగున మిల్లీమీటరులో వెయ్యోవంతు లెక్కన చూసే సన్నటి వరుసలుంటాయి, వెలుగు వాటిమీద పడి రంగులుగా విడిపోతుంది. మామూలు మెరుపు పొడికి ఆ గుణం లేదు. సీడీలను కత్తిరించకండి, చీలి పదునైన పెంకులు ఎగురుతాయి. నడుమ 15 మిల్లీమీటర్ల కన్నం ఎలాగూ ఉంది, దారం దూర్చి నిలువు వరుసగా వేలాడదీస్తే చాలు.

రేకు డబ్బాకు కన్నాలు పెట్టి దీపపు గూడు చేయాలంటే, ముప్పావు వంతు నీళ్లు పోసి గడ్డకట్టించి, అప్పుడు మేకుతో కొట్టండి. లోపల మంచు ఉంటే డబ్బా సొట్టపడదు. కన్నాల లోపలి అంచులు చేతికి తగలకుండా చూసుకోండి.

అపోహ: ఎల్‌ఈడీ దీపాలకు ఏ జాగ్రత్తా అక్కర్లేదు.

పాత తీగబల్బు తీసుకునే విద్యుత్తులో దాదాపు 90 శాతం వేడిగానే పోతుంది కాబట్టి కాగితం దగ్గర అది కూడదు. ఎల్‌ఈడీలు చాలా చల్లన, ఆ మాట నిజం. అయితే గుండీ బ్యాటరీలతో (గుండీలా గుండ్రంగా, చిన్నగా ఉండేవి) నడిచే దండల్లో మూత స్క్రూతో బిగిసిందో లేదో తప్పక చూడండి. లిథియం గుండీ బ్యాటరీని పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలదు. మూత వదులుగా ఉన్న దండను చిన్నపిల్లలున్న ఇంట్లో వాడవద్దు, అది ఎంత బాగున్నా సరే. కాగితపు అలంకరణల దగ్గర కొవ్వొత్తి కూడా వద్దు.

అపోహ: తగిలించడం చివర్లో చూసుకోవచ్చు.

మొదటే చూసుకోవాలి. ఒక్క బిందువు దగ్గర వేలాడే ఆకారం గాలికి తిరుగుతుంది, ఒరుగుతుంది. వెనక రెండు చోట్ల దారం కట్టుకునే వీలు మొదటే పెట్టండి. సున్నం వేసి పొడి రాలే గోడకు టేపు అంటదు, రంగు గోడకు అంటినా పీకేటప్పుడు పెచ్చు తెస్తుంది. టేపును ఎదురుగా లాగకుండా, దానిమీదికే వెనక్కు మడిచి, గోడకు ఆనించినట్టుగా మెల్లగా లాగితే నష్టం తక్కువ. ఎత్తు విషయంలో ప్రదర్శనశాలల లెక్క ఇంటికీ పనికొస్తుంది: అలంకరణ నడిభాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్ల దగ్గర ఉంటే నిలబడ్డవాళ్ల చూపుకు అందుతుంది. కూర్చునే గదిలో ఇంకొంచెం దించండి.

అపోహ: పాత సామానుతో చేసిందంటే పర్యావరణానికి మేలు చేసినట్టే.

దీన్ని నేను గట్టిగా కాదంటాను. అట్టమీద ప్లాస్టిక్ అతికించి, పైన మెరుపు పొడి చల్లితే ఆ అట్ట ఇక పాతకాగితాలలోకి పోదు, ఆ ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లోకి పోదు. పండుగకు ముందు తిరిగి వాడుకోదగ్గ రెండు వస్తువులు పండుగ తర్వాత ఒక చెత్తముక్క అవుతాయి. అందుకే వేరు వేరు పదార్థాలను కలిపేచోట జిగురు మాని దారం, తీగ, బట్టల క్లిప్పు వాడమంటాను. ముడి విప్పితే మూతలు మూతల్లోకి, కాగితం కాగితంలోకి పోతుంది. గుండీలు మళ్లీ డబ్బాలో వేసుకోవచ్చు. మడతల పూలను నడుమ ముడి విప్పి, పట్టీలా నొక్కి, రబ్బరు బ్యాండు బదులు నూలు దారంతో కట్టి పొడిచోట పెట్టండి. రబ్బరు కొన్నాళ్లకు జిడ్డుగా కరిగి కాగితానికి అంటుకుంటుంది.